మారిన దొంగ మీద కేసు

గురువారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నీలమ్మ దొరికిపోయింది.

ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక వీధిలో శారదమ్మ ఇల్లు. ఇంటి వెనక బర్రెల కొట్టం. కొట్టం పక్కన చిన్న గేటు. నీలమ్మ చప్పుడు కాకుండా ఆ గేటు తీసి లోపలికి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి.

కాపలా ఉన్న కానిస్టేబుల్ ఎల్లప్ప అడ్డం వచ్చాడు.

“సంచిల ఏందమ్మా?”

“తవుడు. బర్లకు.”

“గింత పొద్దుగాల్నా?”

నీలమ్మ సంచి ఇంకో చేతికి మార్చుకుంది. ఎల్లప్ప సంచిలో చెయ్యి పెట్టాడు. తవుడు కింద గట్టిగా ఏదో తగిలింది. పైకి తీశాడు. ఎర్ర గుడ్డ ముల్లె. ముడి విప్పాడు.

నాలుగు బంగారు గాజులు. మెడలో వేసుకునే ఒక గుండ్ల పేరు. ఒక జత కమ్మలు.

నిన్న మధ్యాహ్నం ఇదే ఇంటి బీరువాలోంచి మాయమైన నగలు.

“ఎవరు తీసిన్రు ఇవి?”

“నేనే తీసిన,” అంది నీలమ్మ. “రాసుకోండ్రి.”

ఎనిమిది నలభైకి ఆమె భర్త కొండల్ పోలీస్ స్టేషన్ మెట్లెక్కాడు. తొమ్మిదింటికి రమ్మన్న మనిషి ఇరవై నిమిషాలు ముందే వచ్చాడు. నేరుగా సబ్ ఇన్‌స్పెక్టర్ ఈశ్వరయ్య టేబుల్ ముందు నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుని ఉన్నాయి.

“ఆమెను ఇడిచిపెట్టండ్రి సార్. తీసింది నేను.”

ఈశ్వరయ్య పెన్ను కింద పెట్టాడు.

ముల్లె ఒకటే. తాళం ఒకటే. దొంగలు మాత్రం ఇద్దరు.

అది 1987 సెప్టెంబరు. మంగళవారం సాయంత్రం ఏడున్నర అయితే చాలు, టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ చెప్పులు గుట్టపడేవి. “నేను మారిన సార్!” అనే హాస్య సీరియల్ వచ్చే వేళ అది.

బుచ్చన్న అనే చిల్లర దొంగ కథ. జైలు నుంచి వస్తాడు. బుద్ధిగా బతకాలనుకుంటాడు. ఎవరూ బతకనివ్వరు. హోటల్లో పనికి చేరితే చెంచాలకు దారం కట్టి పెడతారు. పెళ్లికి పోతే పెళ్లికొడుకు కూడా చెప్పులు చంకలో పెట్టుకుంటాడు. ప్రతిసారీ పోలీసు వస్తాడు. ప్రతిసారీ బుచ్చన్న చేతులు జోడించి “నేను మారిన సార్!” అంటాడు. జనం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. వీధుల్లో పిల్లలు కూడా ఆ మాటే అనేవాళ్లు.

తీస్తున్నది వైకుంఠం. నిర్మాత, దర్శకుడు రెండూ ఆయనే. బుచ్చన్న వేషం కైలాసానిది. ఇరవై ఏళ్లు నాటకాలాడిన నటుడు.

కథలు మాత్రం కొండల్‌వి.

కొండల్ పురానాపూల్ మనిషి. ఏడు కేసులు, రెండు శిక్షలు. తీగ ముక్క చేతికిస్తే ఏ తాళమైనా అతని మాట వినేది. నాలుగేళ్ల కిందట జైలు నుంచి వచ్చాడు. మాదన్నపేట కూరగాయల మార్కెట్ పక్కన తాళంచెవులు చేసుకుంటూ కూర్చున్నాడు. ఒకరోజు వైకుంఠం స్కూటర్ తాళంచెవి పోయింది. కొండల్ కొత్తది చేసిచ్చాడు. చేస్తున్నంతసేపూ తన సంగతులు చెప్పాడు. వైకుంఠం నవ్వి నవ్వి అక్కడే కూర్చుండిపోయాడు. సీరియల్ అట్లా పుట్టింది.

కొండల్ కథలు చెప్పేవాడు. కైలాసానికి పురానాపూల్ మాట నేర్పేవాడు. తాళం తీసే షాట్లలో చెయ్యి అతనిదే ఉండేది. భార్య నీలమ్మ షూటింగ్ వాళ్లకు వంట చేసేది.

ఎనిమిదో ఎపిసోడ్ షూటింగ్ శారదమ్మ ఇంట్లో పెట్టారు. బుధవారం.

ఉదయం పదీ పావు నుంచి పదకొండు వరకు బీరువా షాట్. బుచ్చన్న పాత బుద్ధితో ఒక ముసలమ్మ బీరువా తెరుస్తాడు. లోపల నగలు చూస్తాడు. ముసలమ్మ దగ్గు వినగానే మళ్లీ మూసేస్తాడు. అదీ సీను. శారదమ్మ తన నగల ముల్లె తీసి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. షాట్ అయ్యాక అందరి ముందే ముల్లె లోపల పెట్టింది. తాళం వేసింది. చెవి నడుముకు దోపుకుంది.

పన్నెండున్నరకు భోజనాలు. ముందు వాకిట్లో షామియానా కింద.

సాయంత్రం ఐదూ ఇరవైకి శారదమ్మ బీరువా దగ్గరకు పోయింది. ముల్లె లేదు.

“ముప్పయ్యేండ్లు బర్లను కాసి చేయించుకున్నయి బిడ్డా,” అంది ఈశ్వరయ్యతో. ఆమె ఏడవలేదు. రెండు చేతులూ వెతుకుతున్నట్టు చీర కుచ్చిళ్లను తడుముతూనే ఉన్నాయి. “ఒక్కో గాజు కాడ ఒక్కో బర్రె పేరు చెప్త.”

“తాళం పగిలిందా అమ్మా?”

“లేదు. చెవి పెడదామని వంగిన. పెట్టకముందే పిడి తిరిగింది. తలుపు ఒచ్చేసింది.”

ఈశ్వరయ్య రాసుకున్నాడు. బీరువా మీద వేలిముద్రలు పనికిరావు. పొద్దుటి నుంచి సగంమంది దాన్ని పట్టుకున్నారు.

భోజనాల వేళ ఎవరెక్కడున్నారు? అందరినీ అడిగాడు.

వైకుంఠం: “పన్నెండు యాభైకి ఫోన్ చేయడానికి మెయిన్ రోడ్డు మీది షాపుకు పోయిన. ఒకటిన్నరకు వచ్చిన.”

కైలాసం: “పెరట్లో కూర్చుని డైలాగులు చదువుకున్నానండీ. నేను షూటింగ్ రోజుల్లో మధ్యాహ్నం భోంచేయను.” ఆగాడు. “చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒంటిగంటా పదికి కొండల్ ఆ గదిలోంచి రావడం చూశాను.”

కబురు పంపితే తిరిగొచ్చిన కొండల్: “నా సంచి ఆ గది కిటికీల ఉండె సార్. తెచ్చుకోను పోయిన. ఒకటిన్నరకు ఎల్లిపోయిన.”

ఆ మాట వినగానే వాకిట్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తాళం తీసేవాడు. దొంగ. గదిలోకి పోయినవాడు. ఇంకేం కావాలి?

ఈశ్వరయ్య కెమెరా, టేపులు, బట్టల పెట్టె అన్నీ ముందుగదిలో పెట్టించి సీల్ వేశాడు. ఎల్లప్పను కాపలా పెట్టాడు. అందరినీ తెల్లారి స్టేషన్‌కు రమ్మన్నాడు.

కొండల్ ఇల్లు గానీ సంచి గానీ సోదా చేయలేదు.

ఎందుకు చేయలేదని గురువారం ఉదయం ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో అరిచాడు.  ఈశ్వరయ్యను ఆపింది ఎనిమిదేళ్ల నాటి ఒక జ్ఞాపకం. అది ఫోన్‌లో చెప్పేది కాదు.

“ప్రాపర్టీ దొరికింది. ఇద్దరు ఒప్పుకున్నరు. ఇంకేం కావాలె మీకు? సాయంత్రంలోపల రిమాండ్ పెట్టండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“సాయంత్రం దాక టైమ్ ఇవ్వండి సార్,” అన్నాడు ఈశ్వరయ్య.

ఫోన్ పెట్టేసి కొండల్‌ను కూర్చోమన్నాడు. కొండల్ కూర్చోలేదు.

“ఎన్ని గంటలకు తీసినవ్?”

“ఒంటిగంట పదికి.”

“దేనితోని?”

“తీగతోని.”

“తీసినంక?”

“ముల్లె సంచిల ఏసుకున్న. బీరువకు మళ్ల తాళమేసిన.”

“మళ్ల ఏసినవా?”

“ఎప్పుడన్న గంతే గద సార్. మీకు ఎర్కే.”

ఎరుకే. కొండల్ ఫైలు మొదటి పేజీలోనే రాసి ఉంది. దొంగతనం చేశాక మళ్లీ తాళం వేస్తాడు. ఇంటివాళ్లకు ఆలస్యంగా తెలియాలని.

ఈశ్వరయ్య శారదమ్మ స్టేట్‌మెంట్ తీసి ఒక లైను కింద గీత గీశాడు.

“ఇంటికాడ ఏడ దాచినవ్?”

కొండల్ ఒక్క క్షణం తడబడ్డాడు. “బియ్యం డబ్బాల.”

“నీలమ్మకు చెప్పినవా?”

“లేదు. ఆమెకేం ఎర్కలేదు. నన్ను ఏసుకోండ్రి లోపల.” గొంతు పెంచాడు. “కొట్టేదుంటే కొట్టండ్రి.”

ఈశ్వరయ్య స్టేట్‌మెంట్ పక్కన పెట్టాడు. 1979లో ఇదే స్టేషన్‌లో, వెనక గదిలో, ఒక చేతి గడియారం కోసం ఈ మనిషిని రెండు రోజులు కొట్టాడు. కొండల్ చివరికి ఒప్పుకున్నాడు. ఆరు నెలలు పడింది. ఆ తర్వాత గడియారం ఇంకొకడి దగ్గర దొరికింది.

“కొండల్. ఆ గడియారం నువ్వు తియ్యలేదని నాకు తర్వాత తెలిసింది.”

కొండల్ గోడ వైపు చూశాడు.

“నాకు అప్పుడే తెల్సు సార్.”

ఈశ్వరయ్య తలొంచుకున్నాడు. “తప్పు నాది,” అన్నాడు. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. కొండల్ విన్నాడో లేదో తెలియలేదు.

పక్క గదిలో నీలమ్మ గోడకానుకుని కింద కూర్చుని ఉంది. పక్కన మహిళా కానిస్టేబుల్ రాజమణి. టీ గ్లాసు ముట్టుకోకుండానే చల్లారిపోయింది.

“బీరువా ఎట్ల తెరిచినవమ్మా?” ఈశ్వరయ్య అడిగాడు.

“చెవితోని.”

“చెవి శారదమ్మ నడుముకుండె.”

నీలమ్మ కళ్లు దించుకుంది.

“ఇంటికాడ ముల్లె ఏడ పెట్టినవ్?”

“యాడనో పెట్టిన. మీకెందుకు?”

“కొండల్ వచ్చిండు. తానే తీసిన అంటుండు. బియ్యం డబ్బాల దాచిన అంటుండు.”

నీలమ్మ చటుక్కున తలెత్తింది. “బియ్యం డబ్బనా?”

“కాదా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజమణి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“చెప్పమ్మా. చెప్పకపోతే ఇద్దరు పోతరు లోపలికి.”

నీలమ్మ చెప్పింది. ఆగి ఆగి చెప్పింది.

నిన్న సాయంత్రం ఇంటికి చేరాక పోలీసులొచ్చిన సంగతి ఆమెకు తెలిసింది. ఏడున్నరకు కొండల్ ఇంటికొచ్చి, సంచి మూలన పడేసి, బీడీలకు బయటికి పోయాడు. ఆమె సంచి వెతికింది. ఆకురాళ్లు, తీగలు, పాత చెవులు. అడుగున చిల్లర ఇనుము పడేసే అర. అతను నెలకోసారి కూడా తెరవడు. అందులో ఎర్ర ముల్లె.

“సంచి వెతకమని నీకు ఎవరు చెప్పిన్రు?”

“ఎవరు చెప్పలే. నేనే ఎతికిన.”

“కొండల్‌ను అడిగినవా?”

“లేదు.”

“ఎందుకు?”

“అడిగితే అబద్ధం చెప్తడు. నాలుగేండ్ల సంది ఒక్క అబద్ధం చెప్పలే సార్ నాకు. గా ఒక్కటి ఇంటే నేను బతకను.” ముక్కు తుడుచుకుంది. “తెల్లారి మెల్లగ బీరువ కాడ పెట్టి వద్దామనుకున్న. పని ఒడుస్తదనుకున్న.”

ఈశ్వరయ్య లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

“ముల్లె సంచిల ఉన్న సంగతి కొండల్‌కు తెల్వదు నీలమ్మా. తెలిస్తే బియ్యం డబ్బా అనడు.”

ఆమె అతని వంక అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

కొండల్ దగ్గరకు తిరిగి వచ్చి ఒక్కటే ప్రశ్న వేశాడు ఈశ్వరయ్య.

“నీలమ్మ తీసిందనుకున్నవ్ కదా?”

కొండల్ అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.  “ఆమె పొద్దంత గా ఇంట్లనే ఉండె సార్. ముల్లెతోని దొరికింది అన్నరు. నేనేమనుకోవాలె?” అన్నాడు.

పదకొండున్నరకు ఈశ్వరయ్య ఉప్పుగూడలో ఉన్నాడు. బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతిలో భూతద్దం.

ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప బీరువా. తాళం రంధ్రం చుట్టూ కొత్త గీతలు. సన్నవి, పిచ్చిపిచ్చిగా, పది పన్నెండు. రంధ్రం కింద వంపుగా రంగు లేచిపోయిన జాగా ఒకటి. అర అంగుళం వెడల్పు. కింద ఇనుము తెల్లగా మెరుస్తోంది.

“ఈ గీతలు ముందు నుంచి ఉన్నాయా అమ్మా?”

“లేవు బిడ్డా. పోయిన దసరకే రంగేయించిన.”

ఈశ్వరయ్య వైకుంఠాన్ని పిలిపించాడు. సాక్షులుగా పిలిచిన పంచుల ఎదుట ముందుగది సీల్ తీశాడు. నిన్నటి టేప్ మానిటర్ మీద వేయమన్నాడు. ఒకసారి చూశాడు. రెండోసారి చూశాడు. మూడోసారి మధ్యలో ఆపమని, లేచి మానిటర్ దగ్గరకు పోయాడు.

తర్వాత బట్టల పెట్టె తెరిపించాడు. బుచ్చన్న చొక్కా. బుచ్చన్న టోపీ. బుచ్చన్న పెద్ద ఇత్తడి ఉంగరం. చొక్కా జేబులో ఒక తీగ ముక్క. అన్నీ కాగితం మీద పరిచి, పంచనామా రాయించాడు.

“ఒక మాట అడుగుత వైకుంఠం గారూ. తర్వాతి ఎపిసోడ్లలో ఏమన్న మార్చిన్రా?”

వైకుంఠం ఇబ్బందిగా కదిలాడు.

“నాలుగో ఎపిసోడ్‌లో కొండల్‌తో చిన్న వేషం వేయించిన. ఒక్క సీన్. మస్తు ఉత్తరాలు వచ్చినయ్. ఎవరా మనిషి, మళ్ల ఎప్పుడొస్తడు అని. అందుకని తొమ్మిదో ఎపిసోడ్ నుంచి బుచ్చన్నకు ఒక గురువును తెద్దామనుకున్న. కొండల్ ఆ వేషం వేస్తడు. చివరి దాక కథ అతని మీదనే నడుస్తది.”

“ఈ సంగతి ఎవరికి చెప్పిన్రు?”

“ఇంకా కొండల్‌కు గూడ చెప్పలేదు. మంగళవారం కైలాసానికి చెప్పిన. ముందుగాల ఆయనకు చెప్పుడు ధర్మం కద.”

నాలుగు గంటలకు అందరూ శారదమ్మ ఇంట్లో ఉన్నారు.

శారదమ్మ మంచం మీద. వైకుంఠం, కైలాసం కుర్చీల్లో. కొండల్ గోడ దగ్గర నిలబడ్డాడు. నీలమ్మ ఎదుటి గోడ దగ్గర, రాజమణి పక్కన. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకోలేదు. గుమ్మంలో ఎల్లప్ప.

“టేప్ వేయండి,” అన్నాడు ఈశ్వరయ్య.

మానిటర్ మీద బీరువా తాళం క్లోజప్‌లో వచ్చింది. ఒక చెయ్యి. వేలికి ఇత్తడి ఉంగరం. తీగ లోపలికి పోయింది. రెండుసార్లు కదిలింది. తాళం తెరుచుకుంది.

“ఇది కొండల్ చెయ్యి. ఉంగరం బుచ్చన్నది. షాట్ కోసం పెట్టుకున్నడు. మొత్తం ఐదు టేకులు. ఇది ఐదోది. తాళం చుట్టూ చూడండి.”

అందరూ ముందుకు వంగారు. ఆకుపచ్చ రంగు నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

“ఐదుసార్లు తీసిండు. ఐదుసార్లు మళ్ల వేసిండు. గీత పడలేదు. ఇప్పుడు బీరువా చూడండి. గోళ్లతోని గీకినట్లున్నది. ఇది తాళం తీయడం వచ్చిన చెయ్యి కాదు. నేర్చుకుంటున్న చెయ్యి.”

కైలాసం చిన్నగా నవ్వాడు. “తొందరలో గీతలు పడవా ఇన్‌స్పెక్టర్ గారూ? దొంగతనం వేరు, షాట్ వేరు.”

“పడొచ్చు. ఇంకొకటుంది. శారదమ్మ చెవి పెట్టకముందే తలుపు వచ్చింది. అంటే దొంగ తీయగలిగిండు, మళ్ల వేయలేకపోయిండు. కొండల్ తాళం వేయకుండ పోయిన కేసు నా దగ్గర ఒక్కటి లేదు. పొద్దున ఒప్పుకునేటప్పుడు గూడ మళ్ల తాళం వేసిన అనే అన్నడు. బీరువా ఎట్ల ఉండెనో తెల్వని మనిషి చెప్పే మాట అది.”

కొండల్ మొహం ఎర్రబడింది.

“తాళం తీసుడు కొండల్ ఎవరికి నేర్పిండు?”

 వైకుంఠం మెల్లగా కైలాసం వైపు తిరిగాడు.

“నేర్పాడు. నాకు రాలేదు,” అన్నాడు కైలాసం. “అందుకేగా క్లోజప్‌లో అతని చెయ్యి పెట్టింది? నేను ఆ బీరువాను తాకనైనా తాకలేదు. నా షాట్లన్నీ అడుగు దూరంలో నిలబడి తీసినవే.”

“ఆ మాట రాసుకో ఎల్లప్పా. టేప్ ముందుకు పోనీయండి.”

ఐదో టేకు అయిపోయింది. కట్ అన్న మాట వినిపించింది. కెమెరా మాత్రం ఇంకా కొద్ది క్షణాలు తిరిగింది. కొండల్ వేలి నుంచి ఉంగరం తీశాడు. పక్క నుంచి ఇంకో అరచెయ్యి వచ్చింది. ఉంగరం అందులో పెట్టాడు.

“టైమ్ పదకొండు. ఉంగరం ఎవరికి ఇచ్చిండు?”

“నాకే,” అన్నాడు కైలాసం. “నా వేషంలో భాగం అది.”

ఈశ్వరయ్య జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. విప్పాడు. ఇత్తడి ఉంగరం. భూతద్దం వైకుంఠం చేతికిచ్చాడు.

“కింది అంచు చూడండి. చెక్కిన గాడిల ఏమున్నది?”

వైకుంఠం చూశాడు. తలెత్తలేదు. “పచ్చ రంగు,” అన్నాడు.

“తాళం కింద వంపుగ రంగు లేచిన జాగా ఉన్నది. తీగ తిప్పుతుంటే చెయ్యి జారి ఉంగరం ఒరుసుకున్నది. కొండల్ ఉంగరం ఇచ్చేటప్పటికి బీరువా నున్నగ ఉన్నది. అంటే ఇది పదకొండు తర్వాత పడ్డది. చొక్కా జేబుల తీగ మొనకు గూడ ఇదే రంగున్నది.”

కైలాసం నవ్వు ఆగలేదు గానీ వంకరపోయింది.

“మధ్యాహ్నం ఉంగరం తీసి కిటికీలో పెట్టాను. ఎవరైనా పెట్టుకుని ఉండొచ్చు.”

“తీయలే.”

ఆ గొంతు నీలమ్మది. అందరూ తిరిగి చూశారు. పొద్దుటి నుంచి ఆమె తనంత తాను అన్న మొదటి మాట అది.

“ఒంటిగంటకు పెరట్ల పొయ్యి కాడికొచ్చి నీళ్లడిగిన్రు గద మీరు. ఉంగరం గ్లాసుకు తగిలి టంగుమన్నది. మీ చెయ్యి ఒణుకుతుండె. సుస్తిగున్నదా అని గూడ అడిగిన.”

మానిటర్ మీద టేప్ అయిపోయింది. చుక్కలు వస్తున్నాయి. ఎవరూ ఆపలేదు.

కైలాసం ఆ చుక్కలనే చూస్తూ ఉండిపోయాడు.

“ఇరవై ఏళ్లు,” అన్నాడు చివరికి. “ఇరవై ఏళ్లు నాటకాలాడాను. ఎవరికీ నా పేరు తెలియదు. ఈ రెండు నెలల్లో బస్సులో సీటిచ్చారు. టీకొట్టులో డబ్బులు తీసుకోలేదు. అప్పుడు ఈయన వచ్చి, ఇక కథ కొండల్ మీద నడుస్తుంది అన్నాడు.” కొండల్ వైపు చెయ్యి చూపించాడు. “వీడికి నటన రాదు. నిలబడడం రాదు. మామూలుగా మాట్లాడితే జనం ఉత్తరాలు రాస్తారా?”

“నగలు మీకు అక్కర్లేదు,” అన్నాడు ఈశ్వరయ్య.

“నాకెందుకు నగలు? కిటికీలో ఉన్న వాడి సంచి అడుగున పెట్టాను, అక్కడ దొరికితే చాలనుకున్నాను. మీరు వెంటనే పోయి సోదా చేస్తారనుకున్నాను. దొంగ ఇల్లు సోదా చేయని పోలీసు ఉంటాడని నాకేం తెలుసు?”

కొండల్ మెల్లగా ముందుకొచ్చాడు. ఎల్లప్ప కంగారుగా కదిలాడు. ఈశ్వరయ్య వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

“కైలాసమన్నా. మూడు వారాలు నా పక్కన కూసుండి నేర్చుకున్నవ్. నువ్వు తినకుండ ఉంటే తప్ప నాకెన్నడు నీ మీద కోపం గూడ రాలే. ఒక్క మాట అంటే నేనే తప్పుకుందు గద.”

 ఎల్లప్ప కైలాసాన్ని బయటికి తీసుకుపోయాడు. వీధిలో జీపు చుట్టూ మూగిన పిల్లలు అతన్ని గుర్తుపట్టారు. “నేను మారిన సార్! నేను మారిన సార్!” అని కేకలు వేశారు. కైలాసం జీపెక్కేదాకా తల ఎత్తలేదు.

గదిలో వైకుంఠం లేచి కొండల్ చెయ్యి పట్టుకున్నాడు.

“కొండల్, మంగళవారానికి ఎట్లనన్న చేస్త. బుచ్చన్న వేషం నువ్వే వెయ్యి. నీ కథ. నీ మాట. జనం నిన్ను నెత్తిన పెట్టుకుంటరు.”

కొండల్ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

“ఒద్దు సార్.”

“ఎందుకు? తప్పు నీది కాదని తేలింది కద.”

“నేను మారిన అని చెప్తే ఊరంత నవ్వింది సార్. మంచిగనే ఉండె, నేను గూడ నవ్విన. పొద్దున నేనే తీసిన అని చెప్పిన. ఒక్కరు నవ్వలే. అందరు నమ్మిన్రు.”

వైకుంఠం పోయి మానిటర్ ఆపేశాడు.

సీరియల్ ఏడు ఎపిసోడ్లతో ఆగిపోయింది. తర్వాతి మంగళవారం ఆ టైమ్‌లో వేరే ప్రోగ్రామ్ వచ్చింది. కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి.

ఆ గురువారం సాయంత్రం స్టేట్‌మెంట్ల మీద సంతకాలయ్యేసరికి ఐదున్నర. కొండల్, నీలమ్మ ఉప్పుగూడ రోడ్డు మీదికి వచ్చారు. అతను ముందు, ఆమె నాలుగడుగులు వెనక. బస్‌స్టాప్ దాటిపోయినా ఇద్దరూ ఆగలేదు.

రైలు గేటు వేసి ఉంది. ఆగక తప్పలేదు. సైకిళ్లు, రిక్షాలు, పాల క్యాన్ల మధ్య పక్కపక్కన నిలబడ్డారు.

“సారు నమ్మకపోతే నాకు ఫికర్ లేదు,” అన్నాడు కొండల్, పట్టాల వైపు చూస్తూ. “నువ్వు ఒక్క మాటన్న అడుగకపోతివి.”

“నువ్వడిగినవా నన్ను?”

కొండల్ గేటు పట్టుకుని నిలబడ్డాడు.

రైలు వచ్చింది. పెట్టెలు ఒక్కొక్కటిగా దడదడ దాటిపోయాయి. ఆ చప్పుడులో నీలమ్మ ఏదో అంది. అతనికి వినబడలేదు. రైలు పోయింది. గేటు లేచింది. జనం తోసుకుంటూ కదిలారు. వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు.

“ఏమన్నవ్?”

నీలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“నిన్న నీ సంచిల ముల్లె దొరికింది. నువ్వు తీసినవా? అని అడిగిన.”

కొండల్ ఆమె వైపు తిరిగాడు. ఆ రోజంతట్లో మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

“తీయలే.”

నీలమ్మ తలూపింది. ఇద్దరూ గేటు దాటారు.